నాతోని కాదు అనే మాట



ఒక చిన్న సంగతితో మొదలుపెడదాం.

కథలాపూర్ మండలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక అక్క ఉందనుకుందాం. ఆమెకు మనం పేరు పెట్టడం లేదు. కావాలంటే మీ పేరే పెట్టుకోండి. ఆమె బీడీలు చుడుతుంది. భర్త దుబాయి పోయి మూడేండ్లయింది. ఇంట్లో అత్త ఉంది. ఇద్దరు పిల్లలున్నారు.

ఈ అక్క కష్టపడి చదువు నేర్చుకుంది. పగలంతా బీడీలు చుట్టేది. రాత్రి పలక పట్టేది. ఇప్పుడు తన పేరు రాస్తుంది. బస్సు బోర్డు చదువుతుంది. కోరుట్ల బస్సేదో, జగిత్యాల బస్సేదో ఎవరినీ అడగదు.

ఒకనాడు మహిళా సంఘం మీటింగు జరిగింది. తీర్మానాల పుస్తకం చేతులు మారుతూ ఆమె దగ్గరికి వచ్చింది. కలం చేతికి వచ్చింది. సంతకం పెట్టాలి. అప్పుడు లోపల ఒక మాట వినపడింది.

"నీతోని కాదు. అక్షరం వంకర పోతది. అందరు నవ్వుతరు."

ఆమె కలం పక్కన పెట్టింది. సిరా డబ్బీ అందుకుంది. వేలిముద్ర వేసింది.

ఆ మీటింగులో ఆమెను ఎవరూ తిట్టలేదు. ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న వాళ్ళకు ఆ మాట వినపడనే లేదు. మరి ఆ మాట అన్నదెవరు?

ఈ పాఠం ఆ మాట గురించే.

లోపలి మాట అంటే ఏమిటి?

మనమంతా లోపల మాట్లాడుకుంటాం. "కూరల ఉప్పేసిన్నా, లేదా?" అనుకుంటాం. "తాళం చెవి యాడ పెట్టిన?" అనుకుంటాం. ఈ మాటలు మంచివే. మన పనికి సాయం చేస్తాయి.

ఇంకో రకం మాట ఉంది. అది సాయం చేయదు. కొడుతుంది.

"నాకు తెలివి లేదు."
"గింత వయసుల నాకు సదువేంది?"
"నేను మాట్లాడితే తప్పులే వస్తయి."
"నా బతుకింతే."

ఈ మాటలు పిలవకుండానే వస్తాయి. కొత్త పని ముందు పెట్టుకున్నప్పుడు వస్తాయి. ఆఫీసు గడప తొక్కినప్పుడు వస్తాయి. నలుగురిలో నోరు తెరవబోయినప్పుడు వస్తాయి. అవి ఎంత తొందరగా వస్తాయంటే, మాట వచ్చిందని కూడా మనకు తెలియదు. గుండె దడదడ అంటుంది. నోరు ఎండిపోతుంది. వెనక్కి జరుగుతాం. "నేను పిరికిదాన్ని" అనుకుంటాం. అది కూడా ఆ మాటే.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

నడక నేర్చుకునే బిడ్డను చూడండి. రెండడుగులు వేస్తుంది. పడుతుంది. మళ్ళీ లేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు పడుతుందో లెక్కే లేదు. "నాతోని కాదు" అని ఏ బిడ్డా కూర్చోదు. ఆ మాటతో ఎవరూ పుట్టరు.

మరి ఎప్పుడు వచ్చింది? ఒక్కసారి వెనక్కి పోయి చూడండి.

"ఆడివిల్లకు సదువెందుకు? బర్లు గాయి" అని ఒకరన్నారు.
"నీకేం దెలుసు? ఊకో" అని ఇంకొకరన్నారు.
"నీ పని ఒక్కటన్న సక్కగుంటదా?" అని మరొకరన్నారు.

ఇంట్లో వాళ్ళు అన్నారు. ఊళ్ళో పెద్దలు అన్నారు. కులం పేరు పెట్టి అన్నవాళ్ళూ ఉన్నారు. అన్నవాళ్ళు మరిచిపోయారు. విన్న మనం మరిచిపోలేదు. వినగా వినగా ఆ మాట లోపలికి పోయింది. ఇప్పుడు వాళ్ళు పక్కన లేకున్నా అది వినపడుతుంది. మన గొంతుతోనే వినపడుతుంది. అందుకే అది మన మాటే అనుకుంటాం.

బీడీలు చుట్టే వాళ్ళకు ఒక సంగతి తెలుసు. చేతికి తంబాకు వాసన పడుతుంది. ఒక్కసారి కడిగితే పోదు. అన్నం కలిపినా ఆ వాసనే. పిల్లను ఎత్తుకున్నా ఆ వాసనే. కానీ ఆ వాసన చేతిది కాదు. తంబాకుది. "నాతోని కాదు" అనే మాట కూడా అంతే. అది మనకు అంటుకున్నది.

నూట ఇరవై ఏళ్ళ కిందటి జవాబు

ఈ మాట మన తాతమ్మల నాటి నుంచీ ఉంది. అప్పుడే దానికి జవాబు చెప్పిన ఒక తెలుగు మహిళ ఉన్నారు. ఆమె పేరు భండారు అచ్చమాంబ.

ఆమె 1874లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్ళి చేశారు. బడికి పంపలేదు. భర్త ఉద్యోగం దూరదేశంలో. అచ్చమాంబకు ఒక తమ్ముడు ఉన్నాడు. ఆయనే కొమర్రాజు లక్ష్మణరావు. తరువాత గొప్ప పండితుడు అయ్యాడు. తమ్ముడు చదువుకుంటుంటే అక్క కూడా అక్షరాలు పట్టుకుంది. పెళ్ళయిన తరువాత, ఇంటి పని చేసుకుంటూనే నేర్చుకుంది. అంటే మన లాగే.

ఆ కాలంలో ఆడవాళ్ళను "అబల" అనేవాళ్ళు. అబల అంటే బలం లేనిది. ఆడవాళ్ళకు తెలివి తక్కువ అనేవాళ్ళు. చదివితే చెడిపోతారు అనేవాళ్ళు. అచ్చమాంబ ఊరికే ఏడుస్తూ కూర్చోలేదు. "నిజమా?" అని వెతికారు. మన దేశంలో పేరు పొందిన స్త్రీల కథలు పోగుచేశారు. రాజ్యం ఏలిన వాళ్ళు, పాండిత్యం ఉన్నవాళ్ళు, ధైర్యం చూపిన వాళ్ళు. వాళ్ళందరి గురించి 1901లో ఒక పుస్తకం తెచ్చారు. దాని పేరు "అబలా సచ్చరిత్ర రత్నమాల". ఆ నిందలు అబద్ధమని చూపడానికే ఈ పుస్తకం రాస్తున్నానని ఆమె చెప్పుకున్నారు. 1902లో ఆమె కథ కూడా రాశారు. తెలుగులో తొలి కథలు రాసిన వారిలో ఆమె ఒకరు.

అచ్చమాంబ 1905లో చనిపోయారు. బతికింది ముప్పై ఏళ్ళే. కానీ ఆమె చేసిన పని చూడండి. "తెలివి లేదు" అన్న మాటకు "సాక్ష్యం ఏది?" అని అడిగారు. ఎదురు సాక్ష్యం తెచ్చి ముందు పెట్టారు. మనం కూడా లోపలి మాటను అదే అడగాలి.

ఊకుంటే ఎంత నష్టం?

మళ్ళీ మన అక్క దగ్గరికి పోదాం.

ఆమె రోజుకు 700 బీడీలు చుట్టిందనుకుందాం. వారంలో ఆరు రోజులు చుట్టింది. 700ను ఆరుతో గుణిస్తే 4,200. ఆమె రోజూ క్యాలెండరు మీద రాసుకుంది. ఠేకేదారు పుస్తకంలో చూస్తే 4,000 అని ఉంది. 200 తక్కువ.

ఆమె చదివింది. ఆమెకు తెలిసింది. అడగబోయింది. లోపలి మాట ముందే లేచింది. "నీకే లెక్క రాదు. వాళ్ళు సదువుకున్నోళ్ళు. వాళ్ళు తప్పు రాస్తరా?" ఆమె ఊకుంది.

వారానికి 200 అంటే నాలుగు వారాలకు 800. ఒక రోజు పని కంటే ఎక్కువే ఊరికే పోయింది. చదువు వచ్చింది. లెక్క వచ్చింది. కానీ నోరు రాలేదు. అక్షరం నేర్చుకున్న కష్టం అంతా ఆ ఒక్క మాట కాడ ఆగిపోయింది.

ఇంకో నష్టం ఉంది. ఆమె ఇంట్లో "నాకేం రాదు బిడ్డా" అంటుంది. బిడ్డ వింటుంది. రేపు లెక్క తప్పినప్పుడు బిడ్డ కూడా అదే అంటుంది. ఆ మాట తల్లి నుంచి బిడ్డకు పోతుంది. ఎవరో ఒకరు దాన్ని ఆపాలి.

జవాబు ఎట్లా చెప్పాలి?

అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు ఉండేవారు. 1921లో పుట్టారు. 2021లో, నూరేండ్లు బతికి, చనిపోయారు. 1960ల నాటికి ఆయన ఒకటి గమనించారు. దిగులుతో వచ్చిన రోగులకు కొన్ని ఆలోచనలు వాటంతట అవే వస్తున్నాయి. "నేను పనికిరాను" అనే రకం ఆలోచనలు. రోగులు వాటిని నిజమని నమ్ముతున్నారు. ఆయన వాళ్ళకు ఒక పద్ధతి నేర్పారు. ఆలోచనను పట్టుకోవాలి. నిజమేనా అని పరీక్ష చేయాలి. ఆ తరువాతనే నమ్మాలి. ఈ పద్ధతిని ఇప్పుడు చాలా దేశాల్లో వైద్యులు వాడుతున్నారు. దానికి మందు అక్కరలేదు. డబ్బు అక్కరలేదు. మనం కూడా ఇంట్లో చేసి చూడవచ్చు.

ఒకటి: మాటను పట్టుకోండి. గుండె దడ అనగానే ఆగండి. "ఇప్పుడు లోపల ఏం వినపడ్డది?" అని అడగండి. వీలైతే ఒక కాగితం మీద రాయండి. లోపల ఉన్నప్పుడు ఆ మాట కొండంత ఉంటుంది. కాగితం మీదికి వస్తే ఒక్క వరుసే.

రెండు: అది ఎవరి మాటో చూడండి. ఈ మాట మొదట ఎవరన్నారు? ఎప్పుడన్నారు? ఎవరి గొంతో గుర్తుకు వస్తే, అది మనది కాదని తెలుస్తుంది.

మూడు: సాక్ష్యం అడగండి. ఊళ్ళో పంచాయితి ఎట్లా జరగాలి? ఇద్దరి మాటా వినాలి. సాక్షులను పిలవాలి. లోపలి పంచాయితిలో అట్లా జరగదు. నేరం మోపేది ఆ మాటే. సాక్ష్యం చెప్పేది ఆ మాటే. తీర్పు చెప్పేదీ ఆ మాటే. అది న్యాయమా? కాబట్టి మన సాక్షులను పిలవాలి. "నాకు తెలివి లేదు" అంటే, ఇల్లు నడుపుతున్నది ఎవరు? దుబాయి నుంచి పైసలు రాని నెలలో పిల్లలకు తిండి పెట్టింది ఎవరు? ఆకు ఎంత నానాలో, ఎట్లా కత్తిరిస్తే తక్కువ పాడవుతుందో తెలిసింది ఎవరికి? ఇవన్నీ సాక్ష్యాలే.

నాలుగు: "రాదు" బదులు "ఇంకా రాలే" అనండి. "నాకు లెక్కలు రావు" అంటే తలుపు మూసినట్టే. "నాకు గుణకారం ఇంకా రాలే" అంటే నేర్చుకునే దారి ఉంది. ఇందులో అబద్ధం లేదు. గొప్పలు లేవు. మొదటిసారి బీడీ చుట్టిన రోజు గుర్తుందా? ఎన్ని విప్పి మళ్ళీ చుట్టారు?

ఐదు: పక్కింటి చెల్లెతో మాట్లాడినట్టు మాట్లాడండి. ఆమె తప్పు రాసి ఏడుస్తుంటే మీరేమంటారు? "నీకు తెలివి లేదు" అంటారా? అనరు. "కానియ్, మల్ల రాయి" అంటారు. ఆ మాటే మీకు మీరు చెప్పుకోండి.

ఆరు: చిన్న పని ఒకటి చేయండి. మాటతోనే మాట పోదు. పనితో పోతుంది. భయం పోయినాక సంతకం పెడతానంటే ఆ రోజు రాదు. సంతకం పెడుతుంటేనే భయం తగ్గుతుంది.

తప్పు దిద్దుకోవద్దా?

ఒక అక్క అడగవచ్చు. "మరి తప్పు చేస్తే తప్పు అనుకోవద్దా?"

అనుకోవాలి. దిద్దే మాట వేరు, కొట్టే మాట వేరు. బీడీకి దారం వదులైంది. "దారం వదులైంది, బిగించాలె" అంటే అది దిద్దే మాట. పని బాగుపడుతుంది. "నా చేతులు పనికిరావు" అంటే అది కొట్టే మాట. దానితో బీడీ బాగుపడదు. దారం వదులైతే దారం విప్పి కడతాం. చెయ్యిని తప్పు పట్టం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. లోపలి మాట మారితే చాలు, కష్టాలన్నీ పోతాయని కాదు. కూలి రేటు తక్కువుంటే అది మన మనసు తప్పు కాదు. తాగి కొట్టే భర్త ఉంటే అది మన ఆలోచన తప్పు కాదు. కానీ "నా బతుకింతే" అనుకున్నన్నాళ్ళు అడగలేం. అడగడానికి ముందు ఆ మాట దాటాలి.

ఒక్కరితో కాదు, పదిమందితో

నెల్లూరు జిల్లాలో దూబగుంట అని ఒక ఊరు ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆడవాళ్ళు రాత్రి పూట చదువుకోవడానికి వచ్చారు. వాళ్ళ పుస్తకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుడు ఒక కుటుంబాన్ని ఎట్లా పాడుచేసిందో అందులో ఉంది.

అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు "నా కర్మ" అనుకున్నారు. పాఠం చదివి మాట్లాడుకుంటే తెలిసింది. అందరి ఇండ్లలో అదే కష్టం. అందరి లోపలా అదే మాట. అట్లా తెలిసినాక భయం తగ్గింది. అందరూ కలిసి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ ఊరి వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ పోరాటమే మళ్ళీ ఇంకో పాఠమైంది. ఆ పాఠం పేరు "ఆడవాళ్ళు ఏకమైతే". అది చదివి ఇంకా ఎన్నో ఊళ్ళు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సారాను నిషేధించింది.

మన తెలంగాణలోనే ఇంకో చోటు ఉంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేద దళిత మహిళల సంఘాలు ఉన్నాయి. చాలామంది బడి ముఖం చూడని వాళ్ళు. కైకిలి చేసి బతికిన వాళ్ళు. వాళ్ళు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. తమ పంటల గురించి, విత్తనాల గురించి తామే సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. అందులో మాట్లాడేది, దాన్ని నడిపేది ఆ మహిళలే.

కెమెరా పనిలో వాళ్ళు ఒక మంచి పేరు పెట్టుకున్నారు. మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని "సంఘం షాట్" అన్నారు. ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఒకరు పైన లేరు. ఒకరు కింద లేరు.

లోపలి మాట మనల్ని పైనుంచి చూస్తుంది. దొర గడీ మీది నుంచి చూసినట్టు చూస్తుంది. మనల్ని మనం అట్లా చూసుకోవద్దు. సంఘంలో పక్కన కూర్చున్న అక్కను చూసినట్టు, సమానంగా చూసుకోవాలి.

మాట మరీ బరువైతే

కొన్నిసార్లు ఆ మాట మాటగా ఉండదు. జబ్బుగా మారుతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఏ పని మీదా మనసు లేకపోవడం, చచ్చిపోవాలని అనిపించడం. ఇవి ఉంటే ఆలస్యం చేయవద్దు. అది పిచ్చి కాదు. పిరికితనం కాదు. జ్వరం లాగే జబ్బు. దానికి వైద్యం ఉంది.

దగ్గరి సర్కారు దవాఖానకు పోవచ్చు. 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. దాని పేరు టెలీ మానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసలు అడగరు. రాత్రి పగలు ఎప్పుడైనా చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో కొట్టడం, హింస ఉంటే 181 నంబరుకు చేయండి. ఈ రెండు నంబర్లు మీ చేతితో మీరే గోడ మీద రాసుకోండి. పక్కింటి వాళ్ళకు కూడా రాసి ఇవ్వండి.

మళ్ళీ మీటింగు

మన అక్క కథ ఇంకా అయిపోలేదు.

మరుసటి నెల మళ్ళీ మీటింగు వచ్చింది. పుస్తకం వచ్చింది. కలం వచ్చింది. లోపలి మాట కూడా వచ్చింది. "నీతోని కాదు. అందరు నవ్వుతరు."

ఈసారి ఆమెకు అది ఎవరి గొంతో తెలిసింది. "నవ్వితే నవ్వనియ్" అని లోపలే జవాబు చెప్పింది. పక్కనున్న చెల్లెతో పైకే అంది. "చెయ్యి వణుకుతుందే, జర పుస్తకం పట్టుకో."

చెల్లె పుస్తకం పట్టుకుంది. ఆమె రాసింది. ఒక అక్షరం వంకర పోయింది. ఒకటి కొంచెం పెద్దగా వచ్చింది. అయినా అది ఆమె పేరే.

ఆ వారం ఆమె క్యాలెండరు సంచిలో పెట్టుకుని ఠేకేదారు దగ్గరికి పోయింది. చెల్లెను తోడు తీసుకుపోయింది. "నా లెక్కల నాలుగు వేల రెండు వందలున్నయి. మీ పుస్తకంల నాలుగు వేలే ఉన్నయి. ఒక్కసారి మల్ల జూడుండ్రి" అంది. గొంతు కొంచెం వణికింది. అయినా మాట మొత్తం బయటికి వచ్చింది.

మాట్లాడుకోండి

1. "నాతోని కాదు" అని మీరు ఆపేసిన పని ఒకటి చెప్పండి.
2. ఆ మాట మీతో మొదట అన్నదెవరు?
3. మీ ఇంట్లో ఆడపిల్ల మీ నోట రోజూ ఏ మాట వింటుంది?

రాయండి

మీకు బాగా వచ్చిన పనులు మూడు రాయండి. చిన్న పనైనా సరే. కింద మీ సంతకం పెట్టండి. అక్షరం వంకర పోయినా సరే.